పైసల లెక్క మార్చిన కోళ్ల రైతు

గుడ్డు ధరను రైతు చేతికి తెచ్చిన బి.వి.రావు

వై.ఎన్.హొసకోట: వేరుశనగను నమ్ముకుంటే వాన మోసం చేస్తుంది. బోరును నమ్ముకుంటే పాతాళానికి పోయిన నీళ్లు వెక్కిరిస్తాయి. మగ్గం మీద పట్టు నేసినా పూట గడవడం కష్టమే. అందుకే పావగడ తాలూకాలో పది మంది కూర్చున్న చోట ఎవరో ఒకరు కోళ్ల షెడ్డు ఊసెత్తుతారు. ఓ 500 గుడ్ల కోళ్లు వేస్తే ఇల్లు గడుస్తుందా? రోజూ గుడ్డు, రోజూ డబ్బు అంటారే, నిజమేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఒక మనిషి జీవితం దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. ఆయనే బండా వాసుదేవరావు. దేశమంతా బి.వి.రావుగానే ఎరుగుదురు. 1935లో పుట్టి, 1996లో కన్నుమూసిన ఈ తెలుగాయన గుడ్డుకు లాభం ఎక్కడ వస్తుందో, ఎక్కడ పోతుందో కనిపెట్టారు. కోడిని మార్చారు, మందును మార్చారు. అయినా రైతు చేతిలో డబ్బు నిలవలేదు. చివరికి ఆయన పట్టుకున్నది ధరను. ఆ కథే ఇది.

చిన్న ఫారంతో మొదలు

బి.వి.రావు పెద్ద పెట్టుబడిదారుగా ఈ రంగంలోకి దిగలేదు. హైదరాబాద్ ప్రాంతంలో చిన్న కోళ్ల ఫారంతో మొదలుపెట్టారు. అప్పటికి మన దేశంలో కోడంటే పెరటి కోడే. గింజలు చల్లితే ఏరుకుని తినేది, ఏడాదికి ఐదారు పదుల గుడ్లు పెట్టేది, పొదుగుకు కూర్చుంటే అవీ లేవు. 1950-51లో దేశం మొత్తం మీద ఉత్పత్తయిన గుడ్లు 183 కోట్లే. గుడ్డంటే జబ్బు చేసినవాళ్లకో, బాలింతలకో, అల్లుడొస్తేనో. అంతే.

ప్రభుత్వం అప్పట్లో కొంత ప్రయత్నం చేసింది. బెంగళూరు పక్కన హెసరఘట్టలో కోళ్ల పెంపక కేంద్రం పెట్టింది. 1960లలో విదేశీ జాతుల హైబ్రిడ్ కోళ్లు రావడం మొదలైంది. ఏడాదికి రెండొందలకు పైగా గుడ్లు పెట్టే పెట్ట వచ్చిందంటే నమ్మనోళ్లు నమ్మలేదు. నమ్మి షెడ్డు వేసినోళ్లకు వేరే తలనొప్పులు ఎదురయ్యాయి. నాణ్యమైన కోడిపిల్ల కావాలంటే దూరాన ఉన్న హేచరీల చుట్టూ తిరగాలి. తల్లి కోళ్ల జాతి విదేశాల నుంచి మళ్లీ మళ్లీ రావాలి. కొక్కెర తెగులు తగిలిందంటే షెడ్డు షెడ్డే ఊడ్చుకుపోయేది. రాత్రి బాగున్న కోళ్లు తెల్లారేసరికి మెడలు వాల్చేసేవి.

ఈ మూడు బాధలూ సొంతంగా ఎరిగిన మనిషి కాబట్టే బి.వి.రావు తర్వాత చేసిన పనులన్నీ వీటి చుట్టే తిరిగాయి. 1971లో మహారాష్ట్రలోని పుణెలో వెంకటేశ్వర హేచరీస్‌కు శ్రీకారం చుట్టారు. తెలుగాయన పరాయి రాష్ట్రంలో కంపెనీ పెట్టినా పేరు మాత్రం ఏడుకొండలవాడిదే పెట్టుకున్నారు. ఆయన పోయాక ఆ సంస్థే పుణె దగ్గర కేత్కావళెలో తిరుమల నమూనాలో బాలాజీ గుడి కట్టించింది. షిరిడీ పోయే మనోళ్లలో కొందరు ఆ గుడి కూడా చూసి వస్తుంటారు. కట్టించింది కోళ్ల కంపెనీ అని చాలామందికి తెలియదు.

1974లో మాంసం కోళ్ల కోసం అమెరికాలోని కాబ్ కంపెనీతో చేతులు కలిపారు. గుడ్ల కోళ్ల విషయంలో బాబ్‌కాక్ జాతిని తీసుకుని, మూల జాతులనే ఇక్కడ పెంచి అభివృద్ధి చేయించారు. అలా వచ్చిందే బీవీ-300. తెల్లటి చిన్న పెట్ట. తక్కువ తింటుంది, ఎండను కాస్త ఓర్చుకుంటుంది, ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. అంగడిలో ట్రేల్లో కనిపించే తెల్ల గుడ్లలో ఈ జాతివే ఎక్కువ. రోగాల కోసం వెంట్రి బయొలాజికల్స్ పేరుతో టీకాల తయారీ చేపట్టారు. పని నేర్పడానికి పుణె సమీపంలోని ఉరులి కాంచన్‌లో శిక్షణ సంస్థ నెలకొల్పారు. దానికిప్పుడు ఆయన పేరే ఉంది.

గుడ్లు పెరిగాయి... డబ్బు ఏదీ?

కోడి బాగుంది. టీకా ఉంది. రైతుకు పని తెలిసింది. 1980-81 నాటికి దేశంలో గుడ్ల ఉత్పత్తి వెయ్యి కోట్లు దాటింది. ఇంకేం, రైతు జేబు నిండాలి కదా. నిండలేదు. సరిగ్గా ఆ సమయంలోనే కోళ్ల రైతులు కుదేలయ్యారు.

కారణం చాలా మామూలుది. గుడ్డు ఆగదు. కోడి ఈ రోజు గుడ్డు రేపు పెట్టదు, రైతు ఈ రోజు గుడ్డు నెల దాకా దాచలేడు. వేరుశనగ కాయ అయితే మూటలు కట్టి ఇంట్లో పడేసి రేటు కోసం చూడొచ్చు. గుడ్డును అట్లా చూడలేం. ఎండాకాలం అయితే వారం కూడా కష్టమే. ఈ సంగతి రైతు కంటే వ్యాపారికి బాగా తెలుసు. ఆంధ్ర గుడ్డు లారీల్లో దూరాన ఉన్న పట్టణాలకు పోయేది. అక్కడి వ్యాపారి ఏ రేటు చెబితే అదే రేటు. గుడ్లు వెళ్లిపోయాక, అమ్ముడయ్యాక, ఫలానా ధర పలికిందని కబురొచ్చేది. నిజంగా అంతే పలికిందా అని అడిగే దిక్కు లేదు. మేత ధరలు ఏటికేడు పైకి పోతుంటే గుడ్డు ధర మాత్రం పైసల్లోనే కుంటుతూ ఉండేది. అమ్మిన కొద్దీ నష్టం. ఫారాలు ఒకటొకటిగా మూతపడసాగాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బి.వి.రావుకు ఇందులో సొంత ప్రయోజనమూ ఉంది. కోడిపిల్లలు అమ్మే కంపెనీకి కోళ్ల రైతు బతికి ఉండటం అవసరం. షెడ్లు ఖాళీ అయితే పిల్లలను కొనేదెవరు? గిట్టనివాళ్లు ఈ మాట అప్పుడూ అన్నారు, తర్వాతా అన్నారు. అది అబద్ధమేమీ కాదు. కానీ కోడిపిల్లలు అమ్ముకునే కంపెనీలు దేశంలో ఇంకా ఉన్నాయి. రైతుల దగ్గరికి ఊరూరా తిరిగి, మీ గుడ్డుకు మీరే రేటు చెప్పండని కూర్చోబెట్టింది ఈయనే.

మూడొందల సమావేశాలు

1981, 82 ప్రాంతంలో బి.వి.రావు కొందరు రైతులను వెంటేసుకుని దేశమంతా తిరిగారు. రైతులతో, వ్యాపారులతో మూడొందలకు పైగా సమావేశాలు జరిపారు. చెప్పింది ఒక్కటే సంగతి. గుడ్డు పండించేది రైతు అయినప్పుడు దాని ధర దళారి ఎందుకు చెప్పాలి? విడివిడిగా ఉంటే ఎవరికి వారు నష్టానికి అమ్ముకుంటారు, కలిస్తే ధర నిలుస్తుంది. వినడానికి తేలికే. భాష వేరు, రాష్ట్రం వేరు, ఒకరి గుడ్డు ఇంకొకరికి పోటీ. అలాంటి రైతులను ఒకే మాట మీదికి తేవడం మాత్రం తేలిక కాదు.

1982 మేలో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ధర ప్రకటించడం మొదలుపెట్టింది. రైతుల నోట్లో అది నెక్ అయిపోయింది. దేశాన్ని ప్రాంతాలుగా విడదీసి ఎక్కడి రేటు అక్కడ ప్రకటించారు. ఎన్ని గుడ్లు వస్తున్నాయి, ఎంత నిల్వ ఉంది, ఏ పట్టణంలో గిరాకీ ఎలా ఉందనేది చూసి ఆ ప్రాంత రైతులే ధర నిర్ణయిస్తారు. చేరడం, చేరకపోవడం రైతు ఇష్టం. ప్రకటించిన ధర కూడా సూచన మాత్రమే, అంతకే అమ్మాలన్న చట్టం లేదు. అయినా ఆ రేటు ఒకసారి పేపర్లో పడ్డాక, వ్యాపారి చెప్పిందే వేదం అనే రోజులు పోయాయి. రైతుకు బేరమాడేందుకు ఒక అంకె దొరికింది.

ధర చెప్పినంత మాత్రాన నిలబడదని ఆయనకు తెలుసు. అందుకే రెండు పనులు జోడించారు. గుడ్లు ఎక్కువై రేటు పడిపోతున్నప్పుడు అగ్రోకార్పెక్స్ అనే రైతుల సంస్థ మార్కెట్‌లో కొని కోల్డ్ స్టోరేజీల్లో పెట్టేది. రెండోది ప్రచారం. గుడ్డు వేడి చేస్తుందని, ఎండాకాలం తినకూడదని, ఫలానా వారం ముట్టకూడదని ఉన్న నమ్మకాల మీద గురిపెట్టి టీవీలో పాటలు, సినిమా తారలతో ప్రకటనలు ఇప్పించారు. వారంలో ఏ రోజైనా గుడ్డు తినొచ్చనే ఆ హిందీ పాట అప్పటి పిల్లలందరికీ నోటికి వచ్చు. ఖర్చు ఎవరిది? గుడ్లు అమ్ముకునే రైతులదే. సర్కారు సొమ్ము కోసం చేయి చాచకుండా రైతులే తమ సరుకును టీవీలో అమ్ముకున్నారన్న మాట. వరి రైతు, వేరుశనగ రైతు ఇప్పటికీ చేయలేని పని ఇది.

1990లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. ప్రపంచ కోళ్ల సదస్సు భారత్‌లో జరగాలన్నది ఆయన కోరిక. 1996 సెప్టెంబరులో ఢిల్లీలో ఆ సదస్సు జరిగింది. చూడటానికి ఆయన లేరు. ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశారు. కుమార్తె అనురాధా దేశాయ్ సంస్థ పగ్గాలతో పాటు నెక్ బాధ్యతలూ అందుకున్నారు. 2010లో ఇదే కుటుంబం ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే ఫుట్‌బాల్ జట్టును కొన్నప్పుడు అక్కడి పత్రికలు కోళ్ల కంపెనీ ఏంటి, ఫుట్‌బాల్ ఏంటని నోరెళ్లబెట్టాయి. అది వేరే కథ.

500 కోళ్లకు మిగిలేదెంత?

మళ్లీ మన షెడ్డు దగ్గరికి వద్దాం. బి.వి.రావు తెచ్చిన ధర చిన్న రైతుకు ఎంత వరకు పనికొస్తుందో లెక్కేసి చూస్తేనే తెలుస్తుంది. కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. ఎవరి ఊళ్లో ధరలు వాళ్లు పెట్టుకుని చూసుకోవచ్చు.

ఒక పెట్ట రోజుకు 110 గ్రాముల దాణా తింటుంది. 500 పెట్టలకు 55 కిలోలు. కిలో దాణా 30 రూపాయలనుకుంటే రోజుకు 1,650 రూపాయలు. నూటికి 90 పెట్టలు గుడ్డు పెట్టాయనుకుంటే 450 గుడ్లు. అంటే ఒక్కో గుడ్డు మీద దాణా ఖర్చే 3 రూపాయల 67 పైసలు. పెట్ట గుడ్డుకు వచ్చేసరికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఊరికే మేపాలి. పిల్ల ధర, మేత, టీకాలు కలిపి ఒక్కో పెట్టకు 300 రూపాయలు అయిందనుకుందాం. చివర్లో ముదురు కోడిని వంద రూపాయలకు అమ్మితే మిగతా 200 గుడ్ల మీద పడుతుంది. ఒక పెట్ట తన కాలంలో 330 గుడ్లు పెడితే గుడ్డుకు 60 పైసలు. ఇప్పటికే 4 రూపాయల 27 పైసలు అయింది. కరెంటు, మందులు, షెడ్డు అప్పు, మనిషి కూలి ఇంకా లెక్కలోకి రానే లేదు.

ఫారం దగ్గర గుడ్డు 5 రూపాయలకు పోతే 73 పైసలు మిగులు. 450 గుడ్లకు రోజుకు 328 రూపాయలు. ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ పొద్దున్నుంచి రాత్రి దాకా చేసే కూలి అందులోనే ఉంది. అదే 4 రూపాయల 20 పైసలకు పడిపోతే? కూలి సంగతి దేవుడెరుగు, జేబులోంచి పెట్టాలి. శ్రావణంలో, కార్తీకంలో, దసరా నవరాత్రుల్లో రేటు దిగడం ఏటా ఉన్నదే. శ్రావణ శనివారాల్లో పావగడ శనైశ్చరుడి గుడి దగ్గర జనం ఇసుకేస్తే రాలనంత ఉంటారు. గుడ్లంగడి దగ్గర మాత్రం ఉండరు. కోళ్లు మాత్రం శ్రావణమని గుడ్లు పెట్టడం మానవు.

పది పైసలు అటూ ఇటూ అయితే 500 కోళ్ల రైతుకు రోజుకు 45 రూపాయల తేడా. 50 వేల కోళ్లున్న ఫారానికి 4,500 రూపాయలు. ధర ఇద్దరికీ ఒక్కటే. ఖర్చు ఒక్కటి కాదు. మెలిక అంతా ఇక్కడే ఉంది. పెద్ద రైతు మొక్కజొన్న పంట చేతికొచ్చినప్పుడే లారీల లెక్కన కొని పెట్టుకుంటాడు, సోయా చెక్క, తవుడు, గుల్ల రాయి తెప్పించుకుని సొంత మరలో దాణా పట్టించుకుంటాడు. కిలో దాణా మీద రూపాయి ఆదా చేసినా గుడ్డుకు 12 పైసలు కలిసొస్తాయి. చిన్న రైతు మూటల లెక్కన అప్పుకు తెచ్చుకుంటాడు. ఆ 12 పైసలు అక్కడే పోతాయి. పైగా పేపర్లో పడిన నెక్ రేటు ఒకటి, ఫారం గేటు దగ్గర వ్యాపారి ఇచ్చేది ఒకటి. కొన్ని పైసలు కోసుకుని ఇవ్వడం మామూలైపోయింది. తమిళనాడులోని నామక్కల్‌లో అయితే ఈ కోత మీద రైతులు పలుమార్లు రోడ్డెక్కారు. రోజుకు లారీ గుడ్లిచ్చే రైతు దగ్గర వ్యాపారి తగ్గి మాట్లాడతాడు. 15 ట్రేలు ఇచ్చే రైతు దగ్గర ఎందుకు తగ్గుతాడు?

కాబట్టి బి.వి.రావు సాధించింది గొప్పదే అయినా అది అందరికీ సమానంగా అందలేదు. ధర నిలబడింది, రంగం నిలబడింది. 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తయ్యాయి. అందులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, దాదాపు 18 శాతం. కర్ణాటక వాటా ఏడు శాతం లోపే. ఆయన మొదలుపెట్టినప్పుడు కొన్ని వందల కోళ్లతో బతికిన రైతులుండేవాళ్లు. నిలిచిన ధర నీడలో పెద్ద షెడ్లు ఇంకా పెద్దవయ్యాయి, చిన్నవి చాలామటుకు సర్దుకున్నాయి. బడి పిల్లలకు గుడ్డు పెట్టే పథకం ఆంధ్రలో ఎప్పటి నుంచో ఉంది. కర్ణాటకలో 2021 చివర్లో కల్యాణ కర్ణాటక జిల్లాలతో మొదలై తర్వాత మిగతా జిల్లాలకూ వచ్చింది. గిరాకీ పెరగడం మంచిదే. ఆ గిరాకీలో పక్కూరి 500 కోళ్ల రైతుకూ చోటు ఉండాలంటే గుడ్డు ఎక్కడ కొంటున్నారనేదీ చూడాలి.

పెరట్లో ఇరవై కోళ్ల లెక్క మాత్రం పూర్తిగా వేరు. దానికి నెక్ రేటుతో పనిలేదు. బెంగళూరు హెబ్బాళలో తయారైన గిరిరాజ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజ, గ్రామప్రియ రకాలు ఇంటి మిగులు తిని, పెరట్లో ఏరుకుని పెరుగుతాయి. తెల్ల కోడి అన్ని గుడ్లు పెట్టవు. నాటు గుడ్డుకు సంతలో ఎక్కువ ధర పలుకుతుంది, కొనడానికి మనుషులు ఇంటికే వస్తారు. దాణా మూట కొనకపోతే వచ్చిందంతా మిగులే. కుక్కలు, గద్దలు, కొక్కెర తెగులు, ఈ మూడింటి నుంచి కాపాడుకోవాలి. టీకా వేయించడం మాత్రం మరవకూడదు.

షెడ్డే వేయాలనుకునేవాళ్లకు ఈ సీమలో ఇంకో చిక్కుంది. కోడి తిన్న దానికి రెండింతలు నీళ్లు తాగుతుంది. ఎండాకాలం ఇంకా ఎక్కువ. పావగడ పల్లెల్లో నీటిలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలిసిందే. బోరు నీళ్లు పరీక్ష చేయించాకే ఇటుక పేర్చాలి. ఎండ 40 డిగ్రీలకు చేరితే పెట్టలు మేత మానేసి నోరు తెరుస్తాయి, గుడ్లు తగ్గుతాయి. పైకప్పు మీద గడ్డి కప్పడం, నీళ్లు చిమ్మించడం కూడా ఖర్చు లెక్కలో రాసుకోవాల్సిందే.

మూడు దిక్కులా ఆంధ్ర ఉన్న తాలూకా కావడం ఒక్కటే ఇక్కడివాళ్లకు కలిసొచ్చే సంగతి. బి.వి.రావు మొదలుపెట్టించిన ప్రాంతాల వారీ ధరల్లో బెంగళూరు, హొసపేట, చిత్తూరు రేట్లు మూడూ వేర్వేరుగా వస్తాయి. మూడింటిలో ఏది ఎక్కువుంటే ఆ వైపు అమ్మాలనిపిస్తుంది. అక్కడిదాకా ట్రేలు చేరే బండి కిరాయి, దారిలో పగిలే గుడ్లు తీసేశాక మిగిలేదే అసలు రేటు.